తలుపు తెరిచే ఉంది, లోపలికి ఎప్పుడు వెళ్లాలి?
అమెరికా కమ్యూనిటీ కాలేజీల గురించి తల్లిదండ్రులకు ఒక పాఠం



ఈ మధ్య పేరెంట్ మీటింగుల్లో రెండు ప్రశ్నలు తరచూ వినిపిస్తున్నాయి. మొదటిది: "మా అబ్బాయి ఎనిమిదో తరగతిలోనే ఇంటర్ లెక్కలు చేసేస్తున్నాడు. అమెరికాలో చిన్న వయసులోనే కాలేజీలో చేర్చుకుంటారట, నిజమేనా?" రెండోది: "ఇంటర్ అవగానే అమెరికా పంపాలనుంది. యూనివర్సిటీ ఫీజు కట్టలేం. మొదట కమ్యూనిటీ కాలేజీలో చేర్చి తర్వాత మార్పించుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నమ్మవచ్చా?"

రెండు ప్రశ్నలకూ జవాబు అవుననే. కానీ ఆ అవును వెనుక కొన్ని షరతులున్నాయి. అవి తెలియకుండా ముందుకు వెళితే ఒక ఇంట్లో పిల్లవాడి మార్కుల చరిత్ర పాడవుతుంది, మరో ఇంట్లో పొదుపు చేసిన డబ్బు పోతుంది. అందుకే ఈ నెల పాఠాన్ని ఈ విషయానికి కేటాయిస్తున్నాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకుని చదవండి. మధ్యలో చిన్న చిన్న లెక్కలు ఉన్నాయి.

1. కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటి?

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీ నాలుగేళ్లు. అందులో మొదటి రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీలే కమ్యూనిటీ కాలేజీలు. రెండేళ్లు పూర్తయితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. ఆ తర్వాత యూనివర్సిటీకి బదిలీ అయి మిగతా రెండేళ్లు చదివితే బ్యాచిలర్ డిగ్రీ వస్తుంది. దీన్నే టూ ప్లస్ టూ పద్ధతి అంటారు.

ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే పాతది. కాలిఫోర్నియా ఒక్క రాష్ట్రంలోనే 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే బే ఏరియాలో క్యూపర్టినోలోని డీ ఆంజా కాలేజీ, లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీ ఈ కోవలోవే.

మన జూనియర్ కాలేజీతో దీన్ని పోల్చకండి. మన ఇంటర్ అక్కడి 11, 12 తరగతులతో సమానం. కమ్యూనిటీ కాలేజీ 12వ తరగతి తర్వాతి చదువు. అక్కడ ఒకే క్లాసులో 18 ఏళ్ల విద్యార్థి, ఉద్యోగం చేస్తూ చదివే 40 ఏళ్ల వ్యక్తి పక్కపక్కనే కూర్చుంటారు. వయసు పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

2. సీటు తేలిక, మరి కష్టం ఎక్కడ?

ఐఐటీ, మెడికల్ సీట్ల పోటీ చూసిన మనకు ప్రవేశం అంటేనే పెద్ద గండం. ర్యాంకు వస్తే గెలిచినట్టు, రాకపోతే ఓడినట్టు లెక్కేస్తాం. కమ్యూనిటీ కాలేజీల్లో ఆ లెక్క తలకిందులు. వాటిది ఓపెన్ అడ్మిషన్ పద్ధతి. 12వ తరగతి పూర్తిచేసినవారిని దాదాపు అందరినీ చేర్చుకుంటారు. ఎంట్రన్స్ పరీక్ష లేదు, కటాఫ్ లేదు, శాట్ స్కోరు అడగరు.

అంటే వడపోత గుమ్మం దగ్గర జరగదు, లోపలికి వెళ్లాక జరుగుతుంది. చేరిన మొదటి రోజు నుంచి వచ్చే ప్రతి గ్రేడూ పిల్లల ట్రాన్స్‌క్రిప్ట్‌లో నిలిచిపోతుంది. రేపు యూనివర్సిటీ చూసేది ఆ కాగితాన్నే. కాబట్టి "సీటు వస్తుందా?" అని అడగడం మానేసి "ఈ వయసులో, ఈ తయారీతో చేరితే ఎలాంటి ట్రాన్స్‌క్రిప్ట్ వస్తుంది?" అని అడగండి. ఈ పాఠం మొత్తానికి గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదే.

3. మొదటి దారి: వయసుకు మించి చదివే పిల్లలు

హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదివే వీలు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది. మిన్నెసోటా 1985లోనే దీనికి చట్టం చేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ అనే పథకం కింద పబ్లిక్ హైస్కూల్ 11, 12 తరగతుల విద్యార్థులు ట్యూషన్ ఫీజు లేకుండా కమ్యూనిటీ కాలేజీ క్లాసులకు వెళ్తారు. ఒకే కోర్సు అటు స్కూలుకూ ఇటు కాలేజీకీ లెక్కలోకి వస్తుంది.

కాలిఫోర్నియాలో ఇలాంటి విద్యార్థులను స్పెషల్ అడ్మిట్ అంటారు. అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది:

• స్కూల్ ప్రిన్సిపాల్ సిఫారసు, తల్లిదండ్రుల అంగీకార సంతకం తప్పనిసరి.
• వయసు, తరగతి, అర్హత పరీక్ష వంటి పరిమితులను కాలేజీ పెట్టుకోవచ్చు. ఒక కాలేజీ తొమ్మిదో తరగతి నుంచి తీసుకోవచ్చు, పక్క కాలేజీ పదకొండు నుంచి మాత్రమే తీసుకోవచ్చు.
• సీట్ల ఎంపికలో ఈ పిల్లల వంతు చివర వస్తుంది. రెగ్యులర్ విద్యార్థుల సీటు వీరి వల్ల పోకూడదన్నది నియమం.
• సాధారణంగా సెమిస్టర్‌కు 11 యూనిట్ల వరకు తీసుకోవచ్చు. చాలా కాలేజీలు ఆ మేరకు ఫీజు మాఫీ చేస్తాయి.

ఈ దారిలో చాలా చిన్న వయసులో వెళ్లినవారూ ఉన్నారు. కేరళ మూలాలున్న తనిష్క్ మాథ్యూ అబ్రహం శాక్రమెంటోలోని అమెరికన్ రివర్ కాలేజీలో చదివి 2015లో, 11 ఏళ్ల వయసులో మూడు అసోసియేట్ డిగ్రీలు తీసుకున్నాడు. తర్వాత యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, డేవిస్‌లో చేరి 2018లో బయోమెడికల్ ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తిచేశాడు. ఇలాంటి వార్త చదవగానే మన పిల్లల వైపు చూస్తాం. అది సహజం. అయితే ఒక్క విషయం గమనించండి. అతను ఇల్లు వదిలి వెళ్లలేదు. తల్లిదండ్రులతో ఇంట్లో ఉంటూ, ఊళ్లోని కాలేజీలో చదివాడు. చిన్న పిల్లలకు ఈ దారి పనిచేసిన చోట ఇల్లు, కాలేజీ దగ్గర దగ్గరే ఉంటాయి.

ఇక్కడ ఆగి ఒక లెక్క చేద్దాం. 13 ఏళ్ల అమ్మాయి కాలేజీ కాలిక్యులస్ తీసుకుందనుకోండి. అది 5 యూనిట్ల కోర్సు. లెక్కలు వచ్చు కానీ గడువులోపు అసైన్‌మెంట్లు ఇవ్వలేదు. సి గ్రేడ్ వచ్చింది. ఏ గ్రేడ్‌కు 4 పాయింట్లు, సి గ్రేడ్‌కు 2. అంటే 5 యూనిట్లకు 10 పాయింట్లు. తర్వాత ఆ అమ్మాయి బుద్ధిగా చదివి 25 యూనిట్లలో అన్నీ ఏ గ్రేడ్లే తెచ్చుకుంది. 25 నాలుగులు 100. మొత్తం 110 పాయింట్లు, 30 యూనిట్లు. భాగిస్తే 3.67. ఒకే ఒక్క తొందర నిర్ణయం, ఏడాది పాటు ఫుల్ మార్కులు తెచ్చుకున్నా పూర్తిగా చెరగలేదు.

"మళ్లీ రాస్తే సరిపోతుంది కదా" అనుకోకండి. కాలిఫోర్నియాలో డి లేదా ఎఫ్ వస్తేనే కోర్సు మళ్లీ చదవనిస్తారు. సి వస్తే పాస్ అయినట్టే, గ్రేడ్ పెంచుకునే వీలు మామూలుగా ఉండదు. నిర్ణీత తేదీలోపు కోర్సు వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ అని పడుతుంది, జీపీఏ తగ్గదు. కాబట్టి చేరే రోజునే డ్రాప్ తేదీలను క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఏ యూనివర్సిటీకి దరఖాస్తు చేసినా స్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సులను కూడా చూపించాల్సిందే. "అది చిన్నప్పటిది" అని దాచడం కుదరదు.

ఇంకో మార్పు మన తల్లిదండ్రులకు కష్టంగా తోస్తుంది. 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం విద్యార్థి కాలేజీలో చేరగానే, వయసు ఎంతైనా సరే, ఆ కాలేజీ రికార్డులపై హక్కు విద్యార్థిదే అవుతుంది. మీరు ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి "మా అమ్మాయి ఎలా చదువుతోందండీ?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు. అక్కడ పేరెంట్ మీటింగులుండవు, డైరీలో సంతకాలుండవు. సందేహం వస్తే 13 ఏళ్ల పిల్లలే ప్రొఫెసర్ గదికి వెళ్లి అడగాలి.

4. ఇక్కడి నుంచి చిన్న పిల్లలను పంపవచ్చా?

ఇప్పటివరకు చెప్పింది అమెరికాలో కుటుంబంతో ఉండే పిల్లల మాట. మీకు హెచ్-1బీ మీద ఉద్యోగం వచ్చి పిల్లలు హెచ్-4 మీద వస్తుంటే వారు అక్కడి పబ్లిక్ స్కూల్లో చేరవచ్చు, రాష్ట్ర నియమాలను బట్టి ఈ కాలేజీ కోర్సులూ తీసుకోవచ్చు. ఫీజు విషయంలో హెచ్-4 పిల్లలను స్థానికులుగా చూస్తారో లేదో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలేజీ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. 21 ఏళ్లు నిండితే హెచ్-4 వర్తించదన్నది కూడా ముందే లెక్కలో పెట్టుకోండి.

కుటుంబం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి, 13, 14 ఏళ్ల పిల్లలను మాత్రమే పంపాలంటే ఈ దారి దాదాపు మూసినట్టే. కారణాలు చూడండి. విజిటర్ వీసాపై వెళ్లి క్రెడిట్ కోర్సుల్లో చేరడం నిషిద్ధం. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు ఫుల్ టైమ్ చదువు కావాలి, స్పెషల్ అడ్మిట్ అనేది పార్ట్ టైమ్ ఏర్పాటు. ఎఫ్-1 మీద పబ్లిక్ స్కూల్లో ఎనిమిదో తరగతి వరకు చదవడానికి అనుమతి లేదు. 9 నుంచి 12 తరగతుల్లో అయితే గరిష్ఠంగా 12 నెలలు, అదీ పూర్తి ఖర్చు మనమే కట్టుకుంటేనే.

ఒక మినహాయింపు ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో గ్రీన్ రివర్ కాలేజీ వంటి కొన్ని కమ్యూనిటీ కాలేజీలు 16 ఏళ్లు నిండిన విదేశీ విద్యార్థులను హైస్కూల్ కంప్లీషన్ ప్రోగ్రామ్‌లో చేర్చుకుంటాయి. హైస్కూల్ డిప్లొమా, అసోసియేట్ డిగ్రీ రెండూ కలిపి పూర్తిచేయవచ్చు. మన పదో తరగతి అయిన పిల్లలకు ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ పదహారేళ్ల వయసులో ఒంటరిగా అంత దూరం, ఎవరో ఒక కుటుంబంతో హోమ్‌స్టే. మధ్యలో మనసు మారి తిరిగొస్తే చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ ఉండదు. ఇక్కడ చేరాలంటే విదేశీ చదువుకు ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి వస్తుంది. తిరిగొచ్చే దారి కూడా చూసుకున్నాకే ఈ దారిలో అడుగు పెట్టండి.

5. రెండో దారి: ఇంటర్ తర్వాత ఎఫ్-1 మీద

మన స్కూలు పిల్లల్లో ఎక్కువ మందికి వర్తించేది ఇది. కావలసిన కాగితాలు పెద్దగా ఏమీ లేవు:

• పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు
• టోఫెల్, ఐఈఎల్‌టీఎస్, డ్యుయోలింగో వంటి ఇంగ్లిష్ పరీక్షల్లో కాలేజీ అంగీకరించే ఒకదాని స్కోరు
• మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా బ్యాంకు ఆధారాలు
• పాస్‌పోర్టు

పాస్‌పోర్టు విషయంలో ఒక మాట. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, కొన్ని మెమోల్లో పొట్టి అక్షరాలుగా ఉంటుంది. మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ప్రతి చోటా వివరణ ఇవ్వాల్సి వస్తుంది. పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే సరిచూసుకోండి.

కాలేజీ చేర్చుకున్నాక ఐ-20 అనే పత్రం పంపుతుంది. తర్వాత 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, వీసా దరఖాస్తు నింపి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాలి.

ఐ-20 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అక్కడి అధికారులు దాడి చేసిన వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువ మంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. అది కమ్యూనిటీ కాలేజీ కాదు, ప్రైవేటు సంస్థ. ఐ-20 ఇచ్చే అనుమతి దానికి ఉంది, అక్రెడిటేషన్ మాత్రం లేదు. అందుకే రెండూ విడివిడిగా చూడాలి. ఐ-20 ఇచ్చే సంస్థల జాబితా అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అక్రెడిటేషన్ ఇచ్చే సంస్థలు ప్రాంతాన్ని బట్టి వేరు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకు ఏసీసీజేసీ, టెక్సస్ కాలేజీలకు ఎస్ఏసీఎస్‌సీఓసీ ఇస్తాయి. వాటి వెబ్‌సైట్లలో మీ పిల్లల కాలేజీ పేరును మీ కళ్లతో చూడండి. కన్సల్టెన్సీ ఇచ్చిన బ్రోచర్ దీనికి చాలదు.

6. పన్నెండు, పదిహేను, అరవై

ఇది ఈ పాఠంలో రెండో లెక్క. చాలా కుటుంబాల బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే.

ఎఫ్-1 విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 యూనిట్లు చదవాలి. ఆన్‌లైన్ క్లాసుల్లో ఒక్కటే ఆ లెక్కలోకి వస్తుంది. పిల్లలు "12 తీసుకున్నాను నాన్నా, ఫుల్ టైమే" అంటారు. వీసాకు అది చాలు. మరి డిగ్రీకి? రెండేళ్లలో నాలుగు సెమిస్టర్లు. 12 నాలుగులు 48. బదిలీకి కావలసింది 60. పన్నెండు యూనిట్లు తక్కువ. అంటే ఇంకో సెమిస్టర్ ఫీజు, ఇంకో సెమిస్టర్ ఇంటి అద్దె. రెండేళ్లలో పూర్తికావాలంటే సెమిస్టర్‌కు 15 చొప్పున చదవాలి, లేదా వేసవి క్లాసులు తీసుకోవాలి.

డీ ఆంజా, ఫుట్‌హిల్ వంటి కాలేజీల్లో సెమిస్టర్లకు బదులు క్వార్టర్లుంటాయి. అక్కడ 60కి బదులు 90 క్వార్టర్ యూనిట్లు కావాలి. అంకె పెద్దదైనా చదువు అంతే. రెండు కాలేజీల ఫీజులు పోల్చేటప్పుడు ఈ తేడా మర్చిపోకండి.

7. బదిలీ: హామీ ఎంతవరకు?

కాలిఫోర్నియాలో ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, పొట్టిగా ట్యాగ్, అనే ఏర్పాటు ఉంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లు ఇందులో ఉన్నాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియెగో క్యాంపస్‌లు లేవు. అడిగిన కోర్సులు, అడిగిన జీపీఏ ఉంటే సీటు ఖాయం. ఒక విద్యార్థి ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ పెట్టుకోవచ్చు.

అయితే ట్యాగ్ దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకే. ఆ సమయానికి 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి. మీ అబ్బాయి ఈ ఆగస్టులో చేరాడనుకోండి. వచ్చే సెప్టెంబర్‌కు అతని చేతిలో రెండు సెమిస్టర్లు ఉంటాయి. 12 చొప్పున చదివితే 24. వేసవిలో ఇంకో 6 చదవకపోతే ట్యాగ్ అవకాశం ఏడాది వెనక్కి జరుగుతుంది. 12కూ 15కూ ఉన్న తేడా ఇక్కడ మళ్లీ బయటపడింది చూశారా?

ఇంకో రెండు జాగ్రత్తలు. కంప్యూటర్ సైన్స్ లాంటి గిరాకీ ఉన్న మేజర్లను కొన్ని క్యాంపస్‌లు ఈ హామీ నుంచి మినహాయిస్తాయి. అలాగే కమ్యూనిటీ కాలేజీలో చదివిన ప్రతి కోర్సూ యూనివర్సిటీకి బదిలీ కాదు. ఏ కాలేజీలోని ఏ కోర్సు, ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇది ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కాలేజీ ఎంచుకోకముందే మీరు, మీ పిల్లలు కలిసి ఒక సాయంత్రం కూర్చుని చూడండి.

మరో సందేహం. స్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదివిన పిల్లలు ఎన్ని యూనిట్లు పూర్తిచేసినా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు కొత్త విద్యార్థులుగానే దరఖాస్తు చేస్తారు. 12వ తరగతి పూర్తయ్యాక కమ్యూనిటీ కాలేజీ రెగ్యులర్ టర్మ్‌లో చేరితేనే ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అవుతారు.

8. ఖర్చు: సగం తగ్గుతుంది, సగం తగ్గదు

కాలిఫోర్నియాలో స్థానిక విద్యార్థికి ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లకు 1,380 డాలర్లు. బంధువులు ఫోన్లో చెప్పే "అక్కడ చాలా చవక" అనే మాట ఈ ఫీజు గురించే. ఎఫ్-1 విద్యార్థికి ఇది వర్తించదు. యూనిట్‌కు 300 డాలర్లు దాటడం మామూలే. పైగా ఇల్లు, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్.

అయినా యూనివర్సిటీతో పోలిస్తే ఇది తక్కువే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో విదేశీ విద్యార్థికి ట్యూషన్, ఫీజులే ఏడాదికి 45,000 డాలర్లు దాటతాయి. అయితే మూడు, నాలుగు సంవత్సరాల్లో మీరు కట్టాల్సింది ఆ ఫీజే. కమ్యూనిటీ కాలేజీ మొదటి సగం ఖర్చునే తగ్గిస్తుంది. ఐ-20 కోసం చూపేది మొదటి ఏడాది డబ్బే అయినా, ఇంట్లో వేసుకునే లెక్క నాలుగేళ్లకు ఉండాలి. మొదటి రెండేళ్లకే లోను తీసి "తర్వాత సంగతి తర్వాత" అనుకున్న ఇంట్లో పిల్లవాడి చేతిలో మిగిలేది అసోసియేట్ డిగ్రీ మాత్రమే. అది మన డిగ్రీకి సమానం కాదు.

9. వీసా ఇంటర్వ్యూలో

"యూనివర్సిటీ వదిలి కమ్యూనిటీ కాలేజీ ఎందుకు?" అనే ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. స్టూడెంట్ వీసా తిరస్కరణల్లో తరచూ వినిపించే 214(బి) సెక్షన్ ప్రకారం, చదువు కోసమే వెళ్తున్నారని, అక్కడే ఉండిపోయే ఉద్దేశం లేదని అభ్యర్థే నమ్మించాలి. ఎవరో రాసిచ్చిన జవాబు బట్టీపడితే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఏ కాలేజీ, ఏ మేజర్, ఎన్ని యూనిట్లు, ఏ యూనివర్సిటీకి బదిలీ, డబ్బు ఎవరు కడుతున్నారు, తర్వాత ఏం చేస్తారు అనేవి పిల్లలు సొంత మాటల్లో చెప్పగలగాలి. పైన చెప్పిన లెక్కలన్నీ పిల్లలే చేసి ఉంటే ఈ జవాబులు వాటంతట అవే వస్తాయి.

10. తల్లిదండ్రులు అడిగే మరికొన్ని ప్రశ్నలు

బ్యాచిలర్ డిగ్రీ పట్టాపై కమ్యూనిటీ కాలేజీ పేరు ఉంటుందా?
ఉండదు. పట్టా ఇచ్చేది చివరగా చదివిన యూనివర్సిటీ. ట్రాన్స్‌క్రిప్ట్‌లు మాత్రం రెండు చోట్లవీ ఉంటాయి.

చదువుకుంటూ పనిచేసి ఫీజు కట్టుకోగలరా?
కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే అనుమతి. మొదటి ఏడాది బయట పనిచేయడానికి వీల్లేదు. ఆ సంపాదన జేబు ఖర్చుకు పనికొస్తుంది, ఫీజుకు చాలదు. అనుమతి లేని పని చేస్తే వీసా హోదాకే ముప్పు.

అసోసియేట్ డిగ్రీ తర్వాత ఓపీటీ ఉంటుందా?
ఉంటుంది, 12 నెలల వరకు. సైన్స్, ఇంజినీరింగ్ వారికిచ్చే అదనపు పొడిగింపుకు మాత్రం బ్యాచిలర్ డిగ్రీ లేదా ఆపైది కావాలి.

11. ఇంట్లో చేసి చూడండి

మీ పిల్లలు సిద్ధంగా ఉన్నారా లేదా తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్‌లో వారికి నచ్చిన ఒక 12 వారాల కోర్సు ఎంచుకోమనండి. చదవడం ఉచితం. పరీక్ష రాయాలనుకుంటే ఫీజు 1,000 రూపాయలు. ప్రతి వారం అసైన్‌మెంట్‌కు గడువు ఉంటుంది.

మీకు మాత్రం ఒక నియమం. ఈ 12 వారాలూ మీరు గుర్తుచేయకూడదు. "అసైన్‌మెంట్ పెట్టావా?" అని అడగకూడదు. అర్థం కాకపోతే ట్యూషన్ పెట్టించకూడదు. చూస్తూ ఉండండి, అంతే. చివర్లో ఈ మూడు ప్రశ్నలకు ఒక కాగితం మీద జవాబు రాయండి:

• ఎన్ని గడువులు తప్పాయి?
• అర్థం కానప్పుడు తనంతట తాను ఎవరినైనా అడిగారా, లేక వదిలేశారా?
• మార్కు తగ్గిన వారం తర్వాత మళ్లీ కూర్చుని చదివారా?

కమ్యూనిటీ కాలేజీ క్లాసులో 13 ఏళ్ల పిల్లలైనా, ఇంటర్ పూర్తిచేసి వెళ్లిన 18 ఏళ్ల పిల్లలైనా నెగ్గడానికి కావలసినవి ఈ మూడే. కష్టమైన లెక్క చేయగల తెలివి ఒక్కటే ఉండి ఇవి లేకపోతే ఆగడమే మంచిది. ఏడాది ఆగితే పోయేదేమీ లేదు. ఆ తలుపు వచ్చే ఏడాదీ తెరిచే ఉంటుంది. తొందరపడి లోపలికి వెళ్లి తెచ్చుకున్న గ్రేడ్ మాత్రం వారితోనే ఉంటుంది.

పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు అన్నారు. పరుగెత్తగల పిల్లలను పట్టి ఆపమని మేం చెప్పడం లేదు. పరుగెత్తే ముందు చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడమంటున్నాం. ఫీజులు, వీసా నియమాలు, ట్యాగ్ షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే ముందు కాలేజీ అధికారిక వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి. పై మూడు ప్రశ్నలకు రాసుకున్న జవాబుల కాగితాన్ని వచ్చే పేరెంట్ మీటింగుకు తీసుకురండి. మీ పిల్లల క్లాస్ టీచర్‌తో కలిసి మాట్లాడుకుందాం.